వ్యాఘ్రకంబళ విజయము: సాలమోను సీటుకవర్ల గాథ

గోదావరి పాయలైన వసిష్ఠ ఒక ప్రక్కనుండియు, వైనతేయ మఱియొక ప్రక్కనుండియు కొరుక్కుతినగా మిగిలిన పచ్చని ముక్కవంటి రాజోలు సీమయందు, కొబ్బరిచెట్లే ఆకాశమునకు రాటలై నిలిచిన సఖినేటిపల్లి పొలిమేరలలో, కాకులు సైతము కరెంటు స్తంభపు సన్ననినీడను పట్టుకొని గడియారపు ముల్లువలె దాని వెంట జరుగుచుండిన మహోగ్రగ్రీష్మమున, ఒక మంగళవారమునాడు పగలు పదిగంటలకు, ద్వావింశతివర్ష కువైటు ప్రవాస తపోనిష్ఠుడును, అరబ్బువీధీ రథసారథ్య ధురంధరుడును, ప్రస్తుతము ఇంటిపట్టున ఉండి లేని పని కల్పించుకొనుటలో దిట్టయు నగు సాలమోనుగారు తన కారు ముందు నిలువబడి, మీసము దువ్వి, ఘోరప్రతిజ్ఞ యొనరించెను. ఏమని? ఆ కారు సీట్లకు కవర్లు తన చేతులతో తానే కుట్టెదనని. అప్పుడే నవ్వకండి, ముందు చాలా ఉంది.

ప్రతిజ్ఞకు మూలము వినుడు. ఆ రథము కొత్తది కాదు. పూర్వాశ్రమమున అది ఒక ఎండుచేపల వర్తకునిది. ఆ మహానుభావుడు ముందుసీట్లమీద మెత్తళ్ళ బస్తాలను, వెనుకసీటుమీద ఎండురొయ్యల బస్తాలను సపరివారముగా ఊరేగించినందున, సీట్లు చిరిగి స్పాంజి వెలికి వచ్చుటయే గాక, ఆ పరిమళము రథమునకు ప్రాణమై కూర్చుండెను. ఈస్టరు పండుగనాడు సాలమోనుగారి ఇల్లాలు, గృహసామ్రాజ్య పట్టమహిషి, స్త్రీల కూటములలో ప్రథమగాయని యగు ఎలీసమ్మగారు పట్టుచీర కట్టి ఆ కారులో గుడికి విచ్చేసెను. దిగి నాలుగడుగులు వేయునప్పటికి వెనుక నాలుగు పిల్లులు. గుమ్మము చేరునప్పటికి పదిహేడు. పాట మొదలుపెట్టునప్పటికి అవి కిటికీలమీద వరుసగా కూర్చుండి శ్రుతి కలిపినవని చూచినవారు చెప్పుదురు. నేను తగ్గించియే చెప్పుచున్నాను.

ఆ పరాభవానంతరము ఎలీసమ్మగారు కోపాగారమునకు పోలేదు, జనులను బండ్లను వసిష్ఠ దాటించు పంటు ఎక్కి, ఆవలి దరి నరసాపురములోని అక్కగారింటికి పోయెను. పోవుచు పెనిమిటితో మెల్లగా, మర్యాదగా పలికెను.

"శనివారం పది గంటల పంటు దిగుతానండీ. ఆ సీట్లమీద ఏదో ఒక ముసుగు పడేదాకా ఆ కారు నేనెక్కను. ఊరికే వచ్చి నిలబడ్డారంటే, రేవులో అందరి ముందూ మా తమ్ముడి ఆటో ఎక్కి వచ్చేస్తాను."

ఆ మాట సాలమోనుగారి వక్షమున గునపమువలె దిగెను. ఏలనన, ఇరువదిరెండేండ్లు పరాయివారి ఇల్లాండ్రను చల్లని కార్లలో బజార్లకు, పెండ్లిళ్ళకు త్రిప్పిన చేతులవి. తన ఇల్లాలిని తన కారులో ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలయునని ఆ ఎడారిలో ఎన్ని సంవత్సరములు అనుకొనెనో ఆయనకే తెలియును. తీరా ఆ ముచ్చట తీరినది ఒక్క పర్యాయము, అదియు పిల్లుల ఊరేగింపుతో.

ముందుగా ఆ వీరుడు రాజోలు పోయి, సీటుకవర్ల దుకాణదారుడు చెప్పిన వెల విని, కవర్లు కారుకా పంటుకా అని విచారించి, వెనుదిరిగెను. ఇంటికి వచ్చి కొబ్బరిచెట్ల నుద్దేశించి ఇట్లు గర్జించెను: "ఓ నారికేళములారా, సాక్షులు కండు! ఈ గృహమున గోనె కలదు, లుంగీ కలదు, కుట్టుమిషను కలదు, నాకు రెండు చేతులు కలవు. శనివారపు పంటు ఈ దరి తాకులోపల ఈ రథమునకు వస్త్రాలంకరణము గావింపనేని, నేను ఆటో వెనుక కాలినడకన వచ్చెదను గాక!" చెట్టుమీదనుండి ఒక ఎండుకమ్మ రాలెను. దానిని ఆయన ఆశీర్వచనముగా స్వీకరించెను.

ఇచ్చట ఒక రహస్యము మనవి చేయవలయును. కువైటులో స్టీరింగు ఎడమప్రక్కన ఉండును. స్వదేశము చేరి ఆరునెలలైనను సాలమోనుగారు కారెక్కునప్పుడెల్ల ఎడమతలుపే తీయును. ఎక్కి కూర్చుండి చేతులు చాచును. చేతికి స్టీరింగు తగులదు. ఎవరైన చూచుచున్నయెడల, ఏదో వెదకుటకు ఎక్కినవానివలె ఎదుటి అర తెరచి, మూసి, గంభీరముగా దిగి, చుట్టు తిరిగి కుడిప్రక్కకు వచ్చును. ఆ మంగళవారమునను అట్లే ఎడమతలుపు తీసి, అలవాటైన చోట చతికిలబడి, టేపుతో వీపు కొలిచి, అడుగు కొలిచి, సీటును వాల్చు కడ్డీకి ఎడమ అంచున ఒక చీలిక, బెల్టుకు కుడి అంచున ఒక చీలిక గుర్తించుకొని, కాగితముమీద "డ్రైవరు సీటు" అని వ్రాసి, క్రింద రెండు గీతలు గీసెను. రెండవ ముందుసీటుకు దానిని తిరగవేసిన సరిపోవునని ఊహించెను. ఆ ఊహకు తానే మెచ్చుకొనెను.

పిమ్మట ఆయుధాగారమైన బీరువా తెరచెను. చిరిగినచోట దట్టించుటకు కొబ్బరిపీచు సిద్ధము. ప్రక్కసీటుకును వెనుకసీటుకును బియ్యపు గోనెలు, వానిమీద పాత లుంగీలు. మరి సారథి సీటుకో? బీరువా పై అరలో, జిప్పుసంచిలో, కలరా ఉండల నడుమ నిద్రించుచున్నది కువైటునుండి తెచ్చిన మందపాటి దుప్పటి. దానిమీద నిలువెత్తు పులి, తెరచిన నోరు, పసుపుకన్నులు. అది ఎలీసమ్మగారికని తొమ్మిదేండ్ల క్రితము తెచ్చినది. కోనసీమలో అంతటి దుప్పటి కప్పుకొనునంత చలి ఏనాడును పడకపోవుటచే, ఆమె దానిని జిప్పు తీయక దాచి, చుట్టములు వచ్చినప్పుడు సంచిపైనుండియే చూపుచుండెను.

సాలమోనుగారు సంచిని ఒకమారు తిరిగి పై అరలోనే పెట్టెను. కాని పులిమొగము తన వీపు వెనుకనుండి రహదారిని చూచుచుండగా తాను స్టీరింగు త్రిప్పు దృశ్యము కన్నులకు కట్టెను. కత్తెర లేచెను. పులి రెండు ఖండములయ్యెను.

అటుపై మూడు దినములు జరిగిన సంగరము వర్ణింప నా తరమా? కుట్టుమిషను గుఱ్ఱమువలె సకిలించెను, దుప్పటి కొండవలె కదలక పడియుండెను, సూదులు వీరమరణము నొందసాగెను. ప్రక్కయింట జాకెట్లు కుట్టు పోలమ్మగారు దడిమీదుగా తలయెత్తి, ఆ మందానికి పదహారో నంబరు సూది ఆగదని, పద్దెనిమిదో నంబరు వేయవలయునని హితవు చెప్పెను. సాలమోనుగారు తల యెత్తకయే, ఎడారి తుపానులలో బండి నడిపినవానికి సూది నంబరులు నేర్పవలదని ప్రత్యుత్తరమిచ్చెను.

"ఆయ్, అలాగే కానివ్వండి," అని పోలమ్మగారు దడిమీద గడ్డమాన్చి, విరిగిన సూదులు లెక్కపెట్టుకొనుచు నిలిచెను. తొమ్మిదవది విరిగినపిమ్మట ఆమెయే పద్దెనిమిదో నంబరు సూది తెచ్చి దడిమీద పెట్టి పోయెను. ఆయన అటునిటు చూచి తీసికొనెను.

గురువారము సాయంకాలము జయోన్మాదమున కుట్టికుట్టి, తాను కట్టిన లుంగీ చెఱగును కూడ పులితోకతో కలిపి కుట్టివేసికొనెను. లేవబోగా మిషను సైతము లేచెను. ఆ స్థితిలో ఎవరినైన పిలుచుటా, లుంగీని త్యజించుటా యను ధర్మసంకటమున అరగంట కూర్చుండి, చివరకు పండ్లతో దారము కొరికి విముక్తుడయ్యెను.

శనివారము తొమ్మిదిగంటలు. కవర్లు తొడుగు శుభసమయము. వెనుకసీటు గోనెకు లొంగినది. సారథి సీటుకు పులిని తొడుగబోవ, ఏదో తేడా వచ్చెను. సీటు వాల్చు కడ్డీ కుడివైపున ఉన్నది, కవరులో చీలిక ఎడమవైపున ఉన్నది. బెల్టు తగిలించు కొక్కెము పులికడుపులో మాయమైనది. ఆయన లాగెను, పీకెను, తలక్రిందులు చేసెను. పులి పండ్లికిలించెను. పోలమ్మగారు దడి దాటి వచ్చి, కవరును చూచి, కారును చూచి, ఆయనను చూచెను.

"సాలమోను గారూ, మీరు కొలత తీసింది ఎడమ సీటుకండీ."

ఆ వాక్యము విన్నంతనే మహావీరుడు కత్తెర అందుకొనెను. ఇంకొక చీలిక కోసెదననెను. కోసినచో కుట్లన్నీ విడిపోయి పులి నాలుగు ముక్కలగునని ఆమె చెప్పెను. పంటు వచ్చుటకు గంట కూడ లేదు. ఇక చేయునది లేక, వ్యాఘ్రకంబళమును ఎడమసీటుకు, లుంగీ తొడిగిన గోనెను తన సీటుకు తొడిగెను. రెండును చేతికి తొడుగువలె అమరినవి. అంత చక్కగా అమరుట చూచి ఆయనకు ఏడుపు వచ్చెను.

సఖినేటిపల్లి రేవున అప్పటికే ప్రతిపక్షము విడిసియుండెను. ఎలీసమ్మగారి తమ్ముడు దొరబాబు, కుచ్చులు వ్రేలాడు ఆటోకు ఆనుకొని, బావగారిని చూచి వినయముగా నమస్కరించెను.

"ఎందుకండీ బావగారూ ఎండలో. మీరింటికెళ్ళి పడుకోండి, అక్కని నేను దింపేస్తాను. నా బండికి పిల్లులు రావండి."

టీకొట్టు దగ్గరివారందరు కిసుక్కుమనిరి. సాలమోనుగారు త్రోవంతయు ఒక మహోపన్యాసము వల్లెవేసికొని వచ్చెను: "ఓ గృహసామ్రాజ్ఞీ, నీ పాదధూళికై ఈ శార్దూలము తన చర్మమును పరచినది" అని ఆరంభము. పంటు దరిచేరెను. బల్లమీదుగా, గొడుగుతో, చేతిసంచితో ఎలీసమ్మగారు దిగెను. తమ్ముని చూచెను, పెనిమిటిని చూచెను, నేరుగా కారు దగ్గరకు వచ్చి ఎడమతలుపు తెరచెను. లోపలనుండి పులి ఆమెను చూచెను.

టీకొట్టు దగ్గరివారు మెడలు చాచిరి.

"ఇది నా దుప్పటి కదండీ."

"ఆయ్."

"తొమ్మిదేళ్ళు జిప్పు తియ్యకుండా దాచుకున్నాను కదండీ."

"ఆయ్," అనెను సాలమోనుగారు. మహోపన్యాసము గోదావరిలో కలిసెను. మిగిలినది ఒక్క ముక్క: "నీకనే."

ఎలీసమ్మగారు వంగి కుట్టు చూచెను. కడ్డీ చీలికలో వ్రేలు పెట్టి చూచెను. అటు తిరిగి పెనిమిటి సీటును చూచెను. అచ్చట లుంగీ క్రిందనుండి "సన్నబియ్యం" అను అక్షరములు సిగ్గుపడుచు తొంగిచూచుచుండెను. ముప్పదియేండ్ల కాపురము గల స్త్రీకి ఇంతకన్న సాక్ష్యమేల? ఆమె ఆయన చెవికి మాత్రమే వినబడునట్లు అనెను.

"మీకని కుట్టుకున్నారు. మళ్ళీ ఎడమ పక్కెక్కి కొలిచేరు. అవునా?"

సాలమోనుగారు చేతులను వీపు వెనుక దాచుకొనబోయెను. తొమ్మిది సూదుల పోట్లతో కమిలిన ఆ వ్రేళ్ళను, వానికి చుట్టిన గుడ్డపీలికలను ఎలీసమ్మగారు చూచెను. అంతట వెనుకకు తిరిగి, రేవంతయు వినునట్లు, ప్రథమగాయని కంఠముతో పలికెను.

"నువ్వెళ్ళరా తమ్ముడూ. మీ బావగారు నాకోసం పులిని చంపేరు."

పలికి, చీరకుచ్చెళ్ళు సవరించుకొని, వ్యాఘ్రముఖమునకు వీపు ఆన్చి, సింహాసనమధిష్ఠించు చక్రవర్తినివలె కూర్చుండెను.

వైశాఖపు ఎండ అప్పటికే నిప్పులు చెరుగుచుండెను. క్రింద ఉన్నది అరబ్బుదేశపు శీతకాలమునకై నేసిన అంగుళము మందపు ఉన్ని. రథమున చల్లనిగాలి యంత్రము ఏనాడో ప్రాణము విడిచినది. రేవు దాటునప్పటికే ఎలీసమ్మగారి నుదుట చెమట కాలువలు కట్టెను. దిగి నీడన నిలబడుదమా యని సాలమోనుగారు రెండు పర్యాయములు అడిగెను. ఆమె దిగలేదు. ఇల్లు చేరువరకు, చీరచెంగుతో విసరుకొనుచు, దారిలో కనబడిన ప్రతివారికి చేయి ఊపుచు, కూర్చుండిన సీటునుండి కదలలేదు.

కావున లోకమునకెల్ల చాటుచున్నాను: నదీద్వయ మధ్యస్థమైన ఈ పుణ్యభూమియందు, తొమ్మిది సూదులను, ఒక దుప్పటిని, ఒక లుంగీ చెఱగును బలియిచ్చి, సాలమోను అను వీరుడు తన భార్యను తన కారులో తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. తిన్నగా ఇంటికి తీసికొని వచ్చెను. విన్నవారికి మేలగుగాక, నమ్మనివారికి ఆ ఎండలో ఆ సీటు దొరుకుగాక.