వద్దంటే పెరిగే సాయం

ఆ శనివారం ఉదయం సోల్వే పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, కాఫీ చల్లారేలోగా కళాశాల ఫారం నింపడం. రెండు, సొంతూరికి ఫోన్ చేసి వెర్నా పిన్నితో ఒక్క మాట చెప్పడం. ఆ తర్వాత రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, పూర్వకాలపు సన్యాసులు కన్న కలల మీద తను రాస్తున్న సిద్ధాంత గ్రంథంలో అరపేజీ రాసుకోవచ్చనుకుంది. కలల మీద పరిశోధన చేసేవాళ్ళకి రోజుకు అరపేజీ అంటే తక్కువేం కాదు.

ఆ కిటికీ గురించి చెప్పాలి. ఆమె చదివే క్రైస్తవ వేదాంత కళాశాల వెనక, సరస్సు ఒడ్డున ఉన్న పాత ఇంట్లో మేడమీది గదికి ఉన్న కిటికీ అది. మిన్నెసోటా చలికాలంలో సరస్సు గడ్డకట్టి, దాని మీద మంచు కురిసి, నేలేదో నీరేదో ఆకాశమేదో తెలియకుండా పోతుంది. ఆ తెలుపులోకి చూస్తూ కూర్చుంటే సోల్వేకి పూటలు తెలియకుండా గడిచిపోతాయి. లోకంలో తనదనుకున్నది ఆమెకి ఆ గది ఒక్కటే. కాకపోతే, కళాశాల గ్రాంటు పూర్తిగా అందుకునేవాళ్ళకే ఆ గది ఇస్తారు. గ్రాంటులో ఒక్క డాలరు తగ్గినా ఖాళీ చేయాల్సిందే. దానికోసం ఇంకా పదకొండు మంది కాచుకుని ఉన్నారు.

ఆ డాలరు ఎలా తగ్గుతుందో ఆర్థిక సహాయ విభాగంలో ప్రెంటిస్ గారు ముందురోజే విడమరిచి చెప్పారు.

"బయటివాళ్ళు మీకు రెండు వేల డాలర్ల దాకా ఇచ్చుకోవచ్చమ్మా, మేం పట్టించుకోం. అది దాటితే మాత్రం, దాటినంతా మేమిచ్చే దాంట్లోంచి కోసేస్తాం."

"అలాగైతే వాళ్ళు నాకిచ్చినట్టా, మీకిచ్చినట్టా?"

ప్రెంటిస్ గారు పైకప్పు వైపు వేలు చూపించి, అలాంటివి పై అంతస్తులో వేదాంతం చెప్పేవాళ్ళని అడగాలన్నారు.

బయటివాళ్ళంటే సోల్వే ఊరి చర్చి ఆడవాళ్ళు. ఏటా చలికాలమంతా కూర్చుని ఒక పెద్ద బొంత కుట్టి, వేలం వేసి, ఆ డబ్బు ఊళ్ళో పై చదువు చదివే ఒకరికి పంపుతారు. ఈ ఏడు వంతు సోల్వేది. వేలం ఆ మధ్యాహ్నమే.

"పిన్నీ, ఈసారి డబ్బు రెండు వేలు దాటనివ్వకండి," అంది సోల్వే ఫోనులో. "దాటితే నాకే నష్టం."

"ఎంత మాటే! ఐదు వేలకి తగ్గితే మా పరువేం కాను?" అంది వెర్నా.

"వద్దు పిన్నీ, నిజంగానే."

"మొహమాటపడకు తల్లీ. ఏం, మేం పరాయివాళ్ళమా? మరింక కాదనకు."

ఆ ఊరి మర్యాద ఏమిటంటే, ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. కాఫీ దగ్గర్నుంచి కిడ్నీ దాకా అంతే. మొదటిసారే చేయి చాపినవాడి గురించి నెలరోజులు చెప్పుకుంటారు. సోల్వే ఇంకోసారి వద్దనబోతుండగా మబ్బు విడి, సరస్సంతా ఒక్కసారి లేత గులాబీ రంగుకి తిరిగింది. ఆమె అలా చూస్తూ ఉండిపోయింది.

"అదీ, అలా దారికి రా!" అని వెర్నా ఫోన్ పెట్టేసింది.

సోల్వే తేరుకుని మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అందరూ చర్చిలో ఉన్నారు. చేసేదిలేక పాత కారు తీసింది. దారి పొడుగునా పొడిమంచు రోడ్డు మీద పొగలా అడ్డంగా జారిపోతోంది. ఆ పొగలో తేలుతున్నట్టు రెండు గంటలు వెళ్ళింది. అందులో ఒక గంట పొరపాటున పక్క ఊరి దారిలో వెళ్ళింది.

చర్చి హాలంతా కాఫీ వాసన. వేదిక మీద నీలి చుక్కల బొంత వేలాడుతోంది. నలభై ఏళ్ళు పశువుల సంతలో వేలం పాట పాడిన ఆర్విల్ అదే గొంతుతో పాడుతున్నాడు.

"ఎంతకి పోయింది పిన్నీ?" అంది సోల్వే ఆయాసపడుతూ.

"ఒక్కసారా? మూడుసార్లు పోయింది!" వెర్నా మొహం వెలిగిపోతోంది. "కొన్నవాళ్ళు కొన్నట్టే డబ్బు కట్టి, బొంత తిరిగిచ్చేసి మళ్ళీ పాడమంటున్నారు. పదిహేను వందలైంది. ఇది నాలుగో పాట."

ఆర్విల్ మూడు వందల యాభై అంటున్నాడు. సోల్వే వేదిక ఎక్కేసింది.

"ఆపండి! నాకింత డబ్బు వద్దు!"

హాలంతా ముచ్చటగా నవ్వింది.

"నిజంగా వద్దు!"

పెంపకమంటే అదీ, అన్నారెవరో.

"ఒట్టేసి చెబుతున్నాను, వద్దు!"

మూడో వద్దు ఆ ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. ఆర్విల్ టోపీ తీశాడు. పళ్ళ డాక్టరు యాల్మర్ కళ్ళు తుడుచుకుని నాలుగు వందలన్నాడు.

"అది కాదండీ! కాలేజీవాళ్ళు కోసేస్తారు!"

"విన్నారా?" వెర్నా లేచి నిలబడింది. "పసిదానికి అక్కడ కోతలు కూడా పెడుతున్నారట!"

నాలుగు వందల ముప్పై, అంది గుడ్రున్ అనే ముసలమ్మ. యాల్మర్ చెయ్యి మళ్ళీ లేస్తోంది. ఇప్పటికి మొత్తం పంతొమ్మిది వందల ముప్పై. ఆ చెయ్యి ఐదు వందల యాభై చూపిస్తే గది పోయినట్టే. ఆ క్షణంలో సోల్వే కళ్ళకి హాలు మాయమై, తెల్లటి సరస్సు కనిపించింది. ఎక్కడినుంచో తన గొంతే తనకి వినిపించింది.

"ఇవ్వండి. అంతా ఇవ్వండి. ఇది చాలదు, ఇంకా కావాలి."

హాలు బిగుసుకుపోయింది. యాల్మర్ లేచిన చేత్తో చెవి గోక్కున్నాడు. ఆర్విల్ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఒక్క గుక్కలో చెప్పి సుత్తి కొట్టేశాడు. గుడ్రున్ బొంత తిరిగివ్వలేదు. మడిచి చంకలో పెట్టుకుని, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

"మేం ఇవ్వం అన్నామా?" అంది వెర్నా నెమ్మదిగా. "అలా నోరు తెరిచి అడగాలటే?"

సోల్వేకి అంతా చెప్పేద్దామనిపించింది. కానీ ముందు ఏడుపొచ్చింది. అత్యాశకి అది ఇంకో లక్షణమనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

గది మిగిలింది. రెండు వారాలు ఆమె కిటికీ దగ్గర కూర్చుంది గానీ, ఒక్క ముక్క రాయలేదు. తనని ఎత్తుకుని పెంచిన ఊరికి తను చేదైపోయిందన్న దిగులు ఎటు చూసినా అడ్డొచ్చేది. అప్పుడు టపాలో చర్చి కరపత్రం వచ్చింది. ఈ వారం ఎవరెవరి కోసం ప్రార్థిస్తున్నారో అందులో వేశారు. ఆర్విల్ మోకాలు. యాల్మర్ గారి ఆవు. ఆ కింద, 'పట్నంలో డబ్బు జబ్బు పట్టుకున్న మన సోల్వే'. పక్కన వెర్నా పెన్నుతో రాసింది: 'నువ్వు వద్దన్నా ఆపం.'

సోల్వే కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నిజాయితీపరురాలు కాబట్టి ఆ కాగితాన్ని తీసుకెళ్ళి, ఇది కూడా బయటి సాయమేనా అని అడిగింది.

ప్రెంటిస్ గారు రెండుసార్లు చదివి, దీనికి పరిమితి లేదన్నారు.