ఓరిన్‌బాసర్ నింపిన గిన్నెలు

ఆ ఉదయం ఓరిన్‌బాసర్ వేసుకున్న లెక్క చాలా సులువైనది. పదకొండింటికి కరాషెక్ ఊరిపెద్ద నూర్పెయిస్ వస్తాడు, తమ బావినీళ్ళు తెస్తాడు. ఉప్పునీళ్ళు యంత్రంలోకి పోతాయి, మంచినీళ్ళు బయటికొస్తాయి. నూర్పెయిస్ తాగి పన్నెండు యంత్రాలకు సంతకం పెడతాడు. పెట్టకపోతే అల్మాటీ నగరంలోని యంత్రాల కంపెనీ నెలాఖరుకి ఏజెన్సీ లాగేసుకుంటుంది. ఏడాదిలో అతను అమ్మిన యంత్రాలు సున్నా.

యంత్రానికి వంక పెట్టడానికి లేదు. నల్లటి పొరలో కార్బన్‌తో చేసిన గొట్టాలుంటాయి. వెంట్రుకను పదివేల చీలికలు చేసినా వాటంత సన్నగా రాదు. నీటిని పోనిస్తాయి, ఉప్పును ఆపేస్తాయి. అనుమానమల్లా అమ్మేవాడి మీదే.

"గిన్నెలు అంచుదాకా నింపు," అన్నాడు భార్య బల్జాన్‌తో.

"మతి పోయిందా? నిండా పోస్తే తాగి లేచి పొమ్మని కదా అర్థం! వచ్చేవాళ్ళతో కొనిపిస్తావా, తరిమేస్తావా?"

"ఆ పట్టింపు టీకి. ఇవి నీళ్ళు. కార్బన్ గొట్టాలకు మీ అమ్మమ్మ మర్యాదలు తెలీవు."

"గొట్టాలకు తెలీకపోయినా నూర్పెయిస్‌కి తెలుసుగా."

"నువ్వు లోపలికెళ్ళు. ఇది శాస్త్రం."

ఆమె వెళ్ళింది. ఏడాదిలో అతను గెలిచింది ఆ వాదన ఒక్కటే.

స్తెప్పీ మైదానంలో నూటనలభై కిలోమీటర్లు కుదుపులు తిని నూర్పెయిస్‌తో కలిపి ముగ్గురు పెద్దలు జీపు దిగారు. రొట్టె లేదు, టీ లేదు. యంత్రం గురగురమంది. ఒక్కొక్కరి ముందూ తొణికిసలాడే గిన్నె పెట్టాడు ఓరిన్‌బాసర్.

నూర్పెయిస్ గిన్నెను చూశాడు. పక్కవాళ్ళను చూశాడు. ఒక్క గుక్క తాగి, భోజనం ముగిశాక దీవెన పలికి లేచేముందు చేసినట్టే రెండు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. యంత్రాన్ని దీవించాడనుకుని ఓరిన్‌బాసర్ "ఆమీన్!" అని గట్టిగా అని, తనూ తుడుచుకున్నాడు.

పెద్దలు లేచారు.

"అప్పుడేనా పెద్దాయనా? నీళ్ళు ఇంకా ఉన్నాయి!" అంటూ వాకిలిదాకా పరిగెత్తి, మరో నిండు గిన్నె ముందుకు చాచాడు.

"అర్థమైంది నాయనా. రెండోసారి చెప్పక్కర్లేదు."

ఒక్క గుక్కతో రుచి తెలియలేదేమో అనుకున్నాడు ఈ మేధావి. అయిదు లీటర్ల డబ్బా మూతిదాకా నింపి, వాళ్ళ జీపులో పెట్టాడు. "దారిలో తాగండి!"

"చూశావా," అన్నాడు నూర్పెయిస్ పక్కవాడితో, "పొమ్మనడంతో ఊరుకోలేదు, మూట కట్టి మరీ సాగనంపుతున్నాడు."

ముగ్గురూ వీధి దాటి జుమగాజీ దుకాణంలోకి వెళ్ళారు. జుమగాజీ అమ్మేది ఇసుకా గుడ్డా కుక్కిన పెట్టె. అది మట్టిని ఆపుతుంది, ఉప్పు జోలికి పోదు. కానీ అతను కింద పరుపులు వేయించి, వాళ్ళు తెచ్చిన బావినీళ్ళనే ఆ పెట్టెలో వడగట్టి, ఒంటెపాలతో టీ కాచి, గిన్నెకు మూడు గుక్కలే పోశాడు. అయిపోగానే మళ్ళీ మూడు గుక్కలు. తొమ్మిదో గిన్నెకు నూర్పెయిస్ ముఖం విప్పారింది.

"ఇదీ టీ అంటే! అచ్చం మా ఇంట్లో తాగినట్టే ఉందయ్యా!"

"ఉండదా మరి పెద్దాయనా? మీ నీళ్ళ రుచి చెడకుండా శుభ్రం చేయడమే నా పెట్టె గొప్పతనం."

ఓరిన్‌బాసర్ ఉప్పు కొలిచే మీటరు పట్టుకుని లోపలికి దూసుకొచ్చి, పెట్టెలోంచి వచ్చిన నీళ్ళలో ముంచాడు. "ఉప్పు అలాగే ఉంది పెద్దాయనా! ఈ అంకె చూడండి! మీ ఊళ్ళో సగంమందికి కిడ్నీల్లో రాళ్ళున్నాయి!"

"మా రాళ్ళు మావి నాయనా. మధ్యలో నీకేం నొప్పి?"

"అన్నా, టీ తాగుతావా?" అన్నాడు జుమగాజీ, ఎంతో మర్యాదగా.

పన్నెండు ఇసుక పెట్టెలకు సంతకం అయింది. బల్జాన్ కిటికీలోంచి అంతా చూసి, భర్త తిరిగొచ్చాక అతని గిన్నెలో అంచుదాకా టీ పోసింది.

కరాషెక్ లాంటి మొండి ఊరికి ఒకే పూటలో పన్నెండు పెట్టెలు అమ్మినవాడున్నాడని అల్మాటీకి కబురు చేరింది. ఏం పెట్టెలని అక్కడ ఎవరూ అడగలేదు. అలాంటివాడే కావాలనుకుని, నెలాఖరుకు ఏజెన్సీ జుమగాజీ పేరున రాశారు.

అతను కంపెనీ పంపిన మొదటి యంత్రాన్ని తన ఒంటెలు తాగే తొట్టికి బిగించాడు.