గుర్తున్నది రాస్తే కాపీయే అన్న పెద్దమనిషి

పాఠక మహాశయులారా, ముందే చెప్పేస్తున్నాను. జ్ఞాపకశక్తి ఉన్నవాళ్ళంతా కాపీరాయుళ్ళే! నిజాయితీగా పరీక్ష రాసేది మరిచిపోయేవాళ్ళు మాత్రమే. ఈ లెక్కన నా అంత నిజాయితీపరుడు మా వీధి మొత్తం మీద లేడు.

ఈ సిద్ధాంతం నాకు ఊరికే తట్టలేదు. దీని వెనక మా మరదలి లైసెన్సు పరీక్ష ఉంది.

మా ఆవిడ చెల్లెలు మా ఇంట్లోనే ఉంటూ నర్సు లైసెన్సు పరీక్షకు చదివింది. ఆరేళ్ళుగా ఆసుపత్రి వార్డులో సహాయకురాలు. రోగులకు దుప్పట్లు మార్చవచ్చు, ఒళ్ళు తుడవవచ్చు, సెలైన్ సీసా మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకోవాలంటే లైసెన్సు రావాలి. అందుకని బట్టలు ఇస్త్రీ చేస్తూ, రక్తంలో ఏది ఎంత ఉండాలో ఆ అంకెలు వల్లె వేసేది. పొటాషియం మూడున్నర నుంచి అయిదు, సోడియం నూట ముప్పై అయిదు నుంచి నూట నలభై అయిదు, ఇలాగ. ఇస్త్రీపెట్టె ఆగిందంటే ఏదో గుర్తు రావడం లేదని అర్థం. నా తెల్లచొక్కా మెగ్నీషియం దగ్గర కాలిపోయింది.

పరీక్ష వారం ఉందనగా నా దగ్గరికి వచ్చింది.

"బావగారూ, రఫ్ వర్కుకి చిన్న బోర్డు, పెన్ను ఇస్తారట. మొదలవగానే గుర్తున్న అంకెలన్నీ దాని మీద రాసి పెట్టుకుంటే కాపీ కిందకి వస్తుందా?"

"రూల్స్ పుస్తకం ఇచ్చారుగా, చూసుకో" అనడానికి నేనేమైనా మామూలు మనిషినా? కాలమిస్టుని! పుస్తకం నా ఎదురుగానే, నా టీ కప్పు కింద ఉంది. కప్పు తియ్యలేదు.

"ముమ్మాటికీ కాపీయే" అన్నాను.

"నా బుర్రలోదే కదా?"

"బుర్రలో ఉన్నంతసేపూ చదువు. బోర్డు మీదకి దిగిందా, చీటీ. చీటీ చూసి రాయడాన్ని ఏమంటారో నువ్వే చెప్పు."

నా వాదనకు నాకే ముచ్చటేసింది. వంటింట్లోంచి మా ఆవిడ "ఆయన్ని అడిగావా, ఇక అయినట్టే" అంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఆధారం ఏమిటంటారా? ముప్పై ఏళ్ళ కిందట మా డిగ్రీ పరీక్షలో సూపర్వైజరు ఇలాగే అన్నట్టు నాకు గుర్తు.

పరీక్ష రోజు తనని దింపడానికి వెళ్ళి చూశాను కదా, నా సిద్ధాంతం ఇంకా బలపడింది. చొక్కా చేతులు పైకి మడిపించారు. కళ్ళజోడు తీయించి అటూ ఇటూ తిప్పి చూశారు. జడ పైకెత్తించి చెవుల వెనక చూశారు. చేతి గడియారం లాకర్లో పెట్టించారు. ఇంత సోదా చేసి, అసలు సరుకున్న తలకాయని మాత్రం లోపలికి వదిలేశారు! నన్నడిగితే దాన్ని కూడా లాకర్లో పెట్టించాలి. నాలాంటివాళ్ళకు దానివల్ల పెద్ద తేడా తెలియదు.

అసలు అంతదాకా ఎందుకు? పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పేవాళ్ళని ఎవరైనా నిలదీశారా? పెళ్ళిరోజు గుర్తుంచుకునే మొగుళ్ళ మీద విచారణ జరిపించారా? ఆ నేరం మాత్రం మా ఆవిడ ఇంతవరకూ నా మీద మోపలేకపోయింది. నేను కూరగాయలకు వెళ్ళేటప్పుడు అరచేతిలో మూడు పేర్లు రాసుకుంటాను. అది వేరే సంగతి.

వచ్చిన చిక్కల్లా మా మరదలు నా మాట వినడం. ఈ ఇంట్లో నా మాట విన్న మొదటి మనిషి తనే. బోర్డు ముట్టుకోలేదు. డెబ్భై ప్రశ్నలు దాటేసరికి అంకెలు కలగాపులగం అయిపోయాయట. పొటాషియానికి పెట్టాల్సింది మెగ్నీషియానికి పెట్టి వచ్చింది.

"బోర్డు తిరిగి ఇస్తుంటే అక్కడి సూపర్వైజరమ్మ తుడవబోయింది బావగారూ. అక్కర్లేదండీ, ఏమీ రాయలేదు అన్నాను" అని చెప్పింది.

ఫలితం వచ్చింది. తప్పింది. మళ్ళీ రాయాలంటే నలభై అయిదు రోజులు ఆగాలి. అన్నాళ్ళూ మళ్ళీ దుప్పట్లే.

ఆ సాయంత్రం తను నా టీ కప్పు పక్కకు జరిపి, పుస్తకం తెరిచి మూడో పేజీ నా ముందు పెట్టింది. చదివాను. రెండోసారి కూడా చదివాను. తను ఏడవలేదు, ఒక్క మాట తూలలేదు.

"మీరు చూసి చెప్పాల్సింది బావగారూ" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్లకు గుర్తున్నవన్నీ నిజాలు, వాటిని రాసుకోవద్దన్నాను. నాకు గుర్తున్నది ఒక్కటే, అదీ తప్పు. దాన్ని పట్టుకుని తీర్పు చెప్పాను.

వార్డులో ఎవరికి ఎంత జ్వరం ఉందో చూసిన వెంటనే రాయాలట, రాయకపోతే చూడనట్టే లెక్కట. ఆ పని ఆరేళ్ళుగా చేస్తున్న మనిషికి, రాసుకోవడం తప్పని చెప్పినవాణ్ణి నేను.

ఇవాళ తను రెండోసారి రాస్తోంది. నేను సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పొద్దున గేటు దగ్గర తను అడక్కుండానే "పరీక్ష మొదలయ్యాకే రాసుకో, ముందు పెన్ను ముట్టుకోకు" అన్నాను.

"గుర్తుండి చెప్తున్నారా, చూసి చెప్తున్నారా?" అంది.

జేబులోంచి చీటీ తీసి చూపించాను. ఇదుగో, మీరూ చదవండి: "పరీక్ష మొదలైన తర్వాత అభ్యర్థి తనకు గుర్తున్నది ఏదైనా బోర్డు మీద రాసుకోవచ్చు." మూడో పేజీ, పైనుంచి రెండో పేరా. అక్షరం పొల్లుపోకుండా కాపీ కొట్టాను.