తోల్కున్ చెమట తుడుచుకున్న రోజు

ఆ రోజు పొద్దున తోల్కున్ వేసుకున్న పథకం చాలా తేలికైనది. మధ్యాహ్నానికి గొర్రె మాంసం ఉడకాలి, డీనుగారూ మాస్టార్లూ హాస్టల్‌కి రావాలి, కడుపు నిండా తినాలి, రాజధాని బిష్కెక్‌లో చదువుకి తన పేరు ఖాయం చెయ్యాలి. అంతే!

కొండల ఊరు నారిన్‌లో ఆ రోజులు తలచుకుంటే ఆమె ముక్కుకి ఇప్పటికీ బొగ్గు పొయ్యి వాసన తగులుతుంది. కరెంటు వస్తే పండగ, రాకపోతే మామూలు రోజు. అయినా ఎంత బంగారం లాంటి రోజులో! గ్రూపు లీడర్లలో ఏటా ఒక్కరినే పెద్ద చదువుకి బిష్కెక్ పంపేవారు. మార్కులు బుర్ర సంగతి చెబుతాయి గానీ, మనిషి సంగతి తెలియాలంటే విందు చేయించి చూడాలని జుమాదిల్ డీనుగారి నమ్మకం. ఆ ఏటి లీడర్లలో తోల్కున్ ఒకతె, కొండల్లో గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. ఇది తప్పిపోతే మళ్లీ ఆ గొర్రెల వెనకాలే.

"తోల్కున్, మాకూ ఏదో ఒక పని చెప్పవే" అన్నాడు పొయ్యి దగ్గర నిలబడ్డ శమ్షీ. ఆమె క్లాసువాడే.

"నువ్వు చేస్తే ఉప్పు రెండుసార్లు పడుతుంది. గుండిగ మూత తియ్యకుండా నిలబడు, అదే పదివేలు!"

పిండి ఆమే పిసికింది, నీళ్లు ఆమే తోడింది, అందరూ చుట్టూ కూర్చుని తినేందుకు గదిలో నేల మీద విందు గుడ్డ ఆమే పరిచింది. కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగింది. పెద్దలొచ్చారు, టీ తాగారు. మాంసం తెచ్చే ముందు లీడరు లేచి నాలుగు ముక్కలు మాట్లాడాలి. పొయ్యి సెగకి ముఖమంతా చెమట. "అగాయ్..." అంటూ, అక్కడ మాస్టార్లని పిలిచే పద్ధతిలో, డీనుగారి వైపు తిరిగేసరికి, బట్టీ పట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. కంగారులో రెండు అరచేతులతో నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం తుడుచుకుంది.

"ఓమిన్!" అన్నారు జుమాదిల్ అగాయ్, తనూ ముఖం తడుముకుంటూ.

"ఓమిన్!" అని మాస్టార్లందరూ లేచారు. అక్కడ అలా ముఖం తడుముకుని ఓమిన్, అంటే తథాస్తు, అనుకుంటే విందు ముగిసినట్టే. ఆ గుడ్డ దగ్గర మళ్లీ కూర్చోవడం ఎవరి తరమూ కాదు. మాంసమేమో ఇంకా గుండిగలోనే ఉంది!

"పోనీలెండి, చదువుకునే పిల్లలు. టీ ఇచ్చారు, చాలు" అని గొణుగుతూ ఓ లావుపాటి మాస్టారు గుండిగ వైపు ఆశగా చూస్తూనే బూట్లు తొడుక్కున్నాడు.

పెద్దలు బయటికి రావడం చూసి శమ్షీ మూత లాగేశాడు. "విందయిపోయిందిరోయ్! మిగిలిందంతా మనదే!" హాస్టల్ మొత్తం గిన్నెలు పట్టుకుని దిగింది.

గేటు దగ్గర కాపలా ఉండే ముసలి బూరుల్ అపా, అందరికీ పెద్దక్క లాంటిది, ఇదంతా చూసింది. మాంసం ముట్టకుండా పెద్దలు లేచారంటే ఎవరో పోయి ఉండాలి. ఎవరన్నది తర్వాత కనుక్కోవచ్చు, ముందు ఏడవాలి. "అయ్యో నా తండ్రీ!" అని శోకం ఎత్తుకుంది. చావింటికి ఉత్త చేతులతో వెళ్లకూడదని వీధిలో ఆడవాళ్లు రొట్టెలు చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఎవరు పోయారు అపా?" డీనుగారు గాభరాగా అడిగారు.

"నన్నడుగుతావేం నాయనా? లోపల్నుంచి వచ్చింది నువ్వేగా!"

మాస్టార్లు ఒకరినొకరు లెక్క చూసుకున్నారు. అందరూ ఉన్నారు.

తోల్కున్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. బిష్కెక్ పోయింది, ఇక పోవడానికేముంది? బెంచీ ఎక్కి గట్టిగా అరిచింది. "ఎవరూ పోలేదు! పోతే నా పరువే పోయింది! చెమట పడితే తుడుచుకున్నాను, తప్పు నాదే! శమ్షీ, గరిటె కింద పెట్టు! గిన్నెలవాళ్లు వెళ్లి పెద్ద గదిలో కొత్త గుడ్డ పరవండి. కొత్త గుడ్డంటే కొత్త విందే! అపా, ఏడ్చింది చాలు, రొట్టెలు తుంచు. మాంసం సన్నగా తరగండర్రా, వీధి వీధంతా తినాలి!"

వీధి వీధంతా తింది. తలా ఒక్క ముక్కే దక్కింది. డీనుగారి మోకాలికి మోకాలు తగిలించి కూర్చుని, చెంపల మీద తడి ఆరకుండానే పకపకా నవ్విన బూరుల్ అపాని తోల్కున్ ఈనాటికీ మరిచిపోలేదు. అలాంటి భోజనం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

చేతులు కడుక్కుని జుమాదిల్ అగాయ్ ఆమెను పిలిచారు. "అన్ని పనులూ నువ్వే చేశావటగా, శమ్షీ చెప్పాడు. అప్పటిదాకా నువ్వు కూలీవి తల్లీ. బెంచీ ఎక్కాక లీడరువయ్యావు."

"అయితే అగాయ్... నా పేరు..."

"బిష్కెక్‌కి నువ్వే వెళ్తున్నావు. కానీ అందుకు కాదు."

"మరెందుకు?"

"అక్కడి కాలేజీలో మీటింగులకి అంతూ పొంతూ ఉండదు. ఇంతమంది మాస్టార్లని ఒక్క దెబ్బకి లేపిన మనిషిని నా సర్వీసులో నిన్నే చూశాను."

తోల్కున్ బిష్కెక్ చేరి పాతికేళ్లు దాటింది. ఆ మీటింగులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.