నామాలమ్మ ఇచ్చిన నోటీసు

ఒక పెద్ద అడవిలో, మనది కాదులెండి, ఏడు సముద్రాల అవతలిది, నామాలమ్మ అనే స్కంక్ ఉండేది. పిల్లి అంత ఒళ్ళు, కాటుకలాంటి బొచ్చు, వీపు మీద నిలువునా రెండు తెల్లచారలు.

స్వామి జంతువులకు కొమ్ములూ కోరలూ పంచుతుంటే, ఈ తల్లి వంతు వచ్చేసరికి బుట్ట ఖాళీ అయిందట. "పోనీలే" అని తోక కింద రెండు కంపు తిత్తులు కట్టి పంపాడు. ఆ కంపు అంటిందా, తోడేలైనా సరే పదిరోజులు చుట్టాలింటికి వెళ్ళలేదు.

కానీ మర్యాదస్తురాలు. చెప్పకుండా చిమ్మదు. ముందు కాళ్ళతో నేలను టపటపా తొక్కుతుంది. వినకపోతే తోక ఎత్తుతుంది. అప్పటికీ కదలకపోతే వాళ్ళ ఖర్మ.

ఆ అడవి సభకు అధ్యక్షుడు ఎలుగు. ఎప్పుడూ కునుకే. పెత్తనమంతా కార్యదర్శి నక్కది. పడిపోయిన మాను కింద నామాలమ్మకున్న వెచ్చటి బొరియ మీద దాని కన్ను పడింది. లోపల ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నాలుగు.

నక్క ఒక చట్టం చేసింది. "చిమ్మాలంటే ముందుగా నిండు సభలో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా చిమ్మితే బొరియ జప్తు."

చదువుతుండగానే జింకలు ఆవలిస్తూ లేచిపోబోయాయి. నక్కకు ఒళ్ళు మండి ఇంకో మాట చేర్చింది. "నోటీసు నడుస్తుండగా సభ్యులెవరు లేచినా పదవి రద్దు."

మర్నాడు పొద్దున్నే బొరియలోకి కాలు దూర్చి, పిల్లల్ని గెలికింది.

"చిమ్మమ్మా, మొహమాటమెందుకు?"

నామాలమ్మ తోక సగం లేచింది. చిమ్మితే ఇల్లు పోతుంది, ఊరుకుంటే పిల్లలు పోతారు. తోక దించేసుకుంది.

"సాయంత్రం సభ ఉందిగా, అన్నయ్యగారూ?"

"ఉంది. ఏడవాలంటే అక్కడికొచ్చి ఏడువు. రేపటికి నువ్వు ఖాళీ చెయ్యకపోతే పిల్లల్ని నేనే బయట పెడతా."

పొద్దు వాలింది. సభ నిండింది.

"ఏం పని మీద వచ్చావమ్మా?" అన్నాడు ఎలుగు, ఒక కన్ను తెరిచి.

"నోటీసు ఇద్దామని, అయ్యగారూ." నామాలమ్మ నేలను టపటపా తొక్కింది.

"ఎవరికి?"

"ఇప్పుడు రాసుకుంటున్నారే, వారికి."

నక్క కలం ఆగింది.

నామాలమ్మ తోక నిటారుగా లేచింది. "కార్యదర్శిగారూ, వెళ్ళదలుచుకుంటే వెళ్ళండి. నేనేమీ అనుకోను," అంది ఎంతో గౌరవంగా.

నక్క పొదలవైపు చూసింది. కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీ కోసమే కాచుకున్న తోడేలు అప్పుడే మీసం దువ్వుకుంటోంది.

"చట్టం చట్టమే," అని నక్క కుర్చీని రెండు చేతులా పట్టుకుంది.

నామాలమ్మ మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకుని, నక్క వైపు తోక తిప్పింది.

ఆ తర్వాత నక్క కొండ అవతల ఉండగానే ఇవతలి కుందేళ్ళు గాలి వాసన చూసి నింపాదిగా లేచి ఇళ్ళకు పోయేవి. డొక్కలు ఎండిన నక్క ఫిర్యాదు చేసింది. విచారణకు గుడ్లగూబను వేశారు. పాపం, దానికి పుట్టుకతోనే వాసన సరిగా తెలియదు. నక్క పక్కనే కూర్చుని, ముక్కైనా చిట్లించకుండా తేల్చింది: "కంపు కొట్టినట్టు ఆధారాలు లేవు."

బొరియలో నాలుగు జతల కళ్ళు తెరుచుకున్నాయి. ఆ దరిదాపులకు మళ్ళీ ఎవరూ రాలేదు.

నీతి ఏమిటంటారా? కుర్చీని వదలనివాణ్ణి కంపూ వదలదు.