లైన్లో ఉన్న అత్తగారు

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి టీవీ ఉద్యోగి వంటింటి బల్ల మీద రెండు చీటీలు పెట్టుకుని అత్తగారికీ, బావమరిదికీ పాఠం చెబుతున్నాడు. అతను నడిపే వారాంతపు చర్చా కార్యక్రమానికి నెల రోజులుగా ప్రేక్షకుల నుంచి ఒక్క ఫోనూ లేదు. ఈ వారం కూడా రాకపోతే కార్యక్రమంతో పాటు నువ్వూ ఉండవని ఎడిటర్ తేల్చి చెప్పేశాడు. వస్తున్నదేమో నీటి సరఫరా మంత్రి. అందుకని ప్రశ్నలు తనే రాసి, ప్రజలను ఇంట్లోంచే ఏరుకున్నాడు. భార్య గొంతు యాంకర్ గుర్తుపడుతుందని ఆమెను మాత్రం వదిలేశాడు.

"పదీ అయిదుకి మీరు, అత్తయ్యగారూ. పదీ పదికి నువ్వు, బావమరిదీ. చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివేస్తే చాలు."

"అది కాదు బాబూ, మన కుళాయి సంగతి..."

"తర్వాత చూద్దాం లెండి" అంటూ చెప్పులేసుకున్నాడు.

సరిగ్గా పదీ అయిదుకి స్టూడియోలో ఫోన్ మోగింది. అద్దం వెనక గదిలో అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"చెప్పండమ్మా, మీ ప్రశ్న?" అంది యాంకర్.

"జలాశయాల ఆధునికీకరణలో మీ ప్రభుత్వ ప్రాధాన్యతా..." అత్తగారు ఆగింది. "ఇది మా అల్లుడు రాసిచ్చాడు బాబూ. నాకేం అర్థం కాలేదు. నేను అడగాల్సింది వేరే ఉంది."

అతని చేయి ఫోన్ కట్ చేసే మీట మీదకు పోయింది. ఈలోగా మంత్రి ముందుకు వంగి, "ఆమెను మాట్లాడనివ్వండి" అన్నాడు.

"మూడు నెలలుగా మా కుళాయిలో తుప్పు నీళ్లొస్తున్నాయి. అల్లుడికి రోజూ చెబుతున్నాను. టీవీలో పనిచేస్తాడు కదా, ఎవరికైనా చెబుతాడనుకున్నాను."

"ఎవరమ్మా మీ అల్లుడు?" అన్నాడు మంత్రి.

"అక్కడే ఉంటాడు బాబూ. అద్దం వెనకాల, చెవులకి డిప్పలు పెట్టుకుని."

కెమెరామన్ పని తెలిసినవాడు. వెంటనే కెమెరా అటు తిప్పాడు. ఇంటింటి టీవీలోనూ కనబడుతున్న అల్లుడు ఏం చేయాలో తోచక చేయి ఊపాడు.

అప్పుడే పదీ పది అయింది. ఆపరేటర్ తనకు చెప్పిన ప్రకారం రెండో లైను కలిపేశాడు.

"అమ్మా, ఇంక నువ్వు పెట్టెయ్. ఇప్పుడు నా వంతు" అన్నాడు బావమరిది, క్షౌరశాల కుర్చీలోంచి.

"మొత్తం ఒకే కుటుంబమా?" అన్నాడు మంత్రి.

గదిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అతనికి మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగం ఊడినట్టే. అయినా అతన్ని ఎక్కువ బాధపెట్టింది అది కాదు. ఆ మూడు నెలలూ ఆమె అన్నం వడ్డిస్తూ ఈ మాటే చెప్పింది. అతను ఊ కొడుతూ, ప్రజాసమస్యల మీద చర్చ చూస్తూ భోంచేశాడు. చాలా సిగ్గేసింది.

ఆ తర్వాత ఫోన్లు ఆగలేదు. ఎవరూ రాసివ్వని ప్రశ్నలు కూడా అడగనిస్తారని జనానికి తెలిసిపోయింది. ఒకాయన వీధి దీపాల గురించి, ఒకావిడ బడి పైకప్పు గురించి అడిగారు. గంట కార్యక్రమం రెండు గంటలు నడిచింది. మంత్రి చెమట తుడుచుకుంటూ వెళ్లాడు.

ఎడిటర్ తలుపు తోసుకుని వచ్చేసరికి అతను బల్ల సర్దేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికయ్యా? వచ్చే వారం మళ్లీ మీ అత్తగారితోనే మొదలుపెట్టు. మధ్యలో ఆగడం, చీటీ పక్కన పడేయడం, అంతా ఇలాగే రావాలి. నువ్వే రాసివ్వు."

"ఆ ఆగడం నేను రాయలేను సార్."

"అయితే ఆవిడ్నే అడిగి రాసుకో."

మధ్యాహ్నం అతను టీవీ కట్టేసి, కాగితం, కలం పట్టుకుని అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అలా కూర్చోవడం అదే మొదలు.

"అత్తయ్యగారూ, మీకేం అడగాలనుందో చెప్పండి. అన్నీ రాసుకుంటాను."

ఆమె మొదలుపెట్టింది. సాయంత్రానికి నాలుగు పేజీలు నిండాయి.

అందులో మంత్రిగారికి రెండే ప్రశ్నలు. మిగతావన్నీ అల్లుడికే.