తొంభై గంటల తాళం

అన్యాయం ఎవరికి జరిగింది? భార్యకు. ఎవరి వల్ల? భర్త వల్ల, మరింత కచ్చితంగా చెప్పాలంటే, ఆయన దినచర్య వల్ల. రెండేళ్ళ క్రితం ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబుకు ఆమెను ఇన్‌చార్జిని చేస్తామన్నారు. ఉదయం ఆరింటికల్లా విధుల్లో ఉండాలి. తన నడక, వ్యాయామం, ధ్యానం చెడతాయని ఆయన ఒప్పుకోలేదు. "రెండేళ్ళు ఆగు. ఆ తర్వాత పొద్దుటి పనులన్నీ నావి," అని మాటిచ్చాడు. కూతురికి జడ వేయడం, అత్తగారికి మాత్రలివ్వడం, అందరి డబ్బాలూ సర్దడం ఆ రెండేళ్ళూ ఆమే చేసింది. తన నియమాన్ని ఇంకొకరి వీపు మీద మోయించేవాణ్ణి లోకం క్రమశిక్షణ గలవాడని మెచ్చుకుంటుంది. ఆ లోకం ఒక్క పూట ఆ ఇంటికి వచ్చి జడ వేసి చూడాలి.

అదే అవకాశం మళ్ళీ వచ్చింది. సోమవారం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య సూపరింటెండెంటు ఫోన్ చేస్తారు; ఎత్తకపోతే జాబితాలో తర్వాతివారికి ఇచ్చేస్తారు. వారం రోజులుగా ఆమె ఈ సంగతి చెబుతూనే ఉంది. ఆయన "ఊఁ" అంటూనే ఉన్నాడు.

ఆ సోమవారమే ఆయన కొత్త ఉక్కుపెట్టెను వాడుకలోకి తెచ్చాడు. ధ్యానానికి అడ్డు రాకుండా ఇంటిల్లిపాది ఫోన్లనూ అందులో పెట్టి మూసేయాలి. దానికి తాళంచెవి లేదు. పెట్టిన సమయం గడిస్తే తప్ప తెరుచుకోదు. ఆరింటికి తొంభై నిమిషాలు పెట్టాననుకున్నాడు. ధ్యానం ముగిసేదాకా కళ్ళజోడు ముట్టకూడదన్నది ఆయన నియమాల్లో పదకొండవది. అందువల్ల పెట్టినవి తొంభై గంటలు.

ఏడున్నరకు భార్య పెట్టె ముందు నిలబడింది.

"ఏవండీ, ఇందులో ఎనభై ఎనిమిదిన్నర అని ఉందేంటి?"

"నిమిషాలు."

"నిమిషాలైతే ఈపాటికి అయిపోవాలిగా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"గురువారం రాత్రికి తెరుచుకుంటుంది," అన్నాడు, అదేదో శుభవార్త అయినట్టు.

"ఒరేయ్! నీ ధ్యానం తగలెయ్య!" అని ఆయన తల్లి మంచం మీంచి లేచింది. "ఇవాళ కోడలికి ఫోనొస్తుందని గోడలక్కూడా తెలుసు గదరా!"

"పగలగొట్టండి," అంది భార్య.

"పగలకూడదనే కదా మందపాటిది కొన్నాను."

అంతలో పెట్టె లోపలి నుంచి ఆయన గొంతే గర్జించింది: "లే సోమరీ! ఎంతసేపు కూర్చుంటావు? సిగ్గు లేదూ? కుంటిసాకులు చెప్పకు!" తనను తాను దండించుకోవడానికి ఆయన రికార్డు చేసుకున్న అలారం అది. అరగంటకోసారి మోగుతుంది.

"నాన్నా, గురువారం దాకా ఇలా తిడుతూనే ఉంటుందా?" అని కూతురు సంబరంగా అడిగింది.

"రెండేళ్ళ కింద మీ నడక కోసం వదులుకున్నాను," అంది భార్య. ఆమె గొంతు పెరగలేదు. అందుకే అందరూ విన్నారు. "ఈసారి మీ డబ్బా కోసం వదులుకోను. ఇవాళ జడ మీరు వెయ్యండి." చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

జడ వేసేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఆయన నీటిపంపుల కర్మాగారంలో తనిఖీదారు. అక్కడ ఇనుమును కోసే యంత్రం ఉంది. పెట్టెను చంకన పెట్టుకుని అనుమతి కోసం మేనేజరు గదిలోకి వెళ్ళాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన పెట్టెను బల్ల మీద పెట్టాడు. గోడ గడియారంలో తొమ్మిదిన్నర.

"లే సోమరీ! ఎంతసేపు కూర్చుంటావు?"

మేనేజరు ఎగిరిపడ్డాడు. "ఎవర్నయ్యా అంటున్నావు?"

"మిమ్మల్ని కాదండీ! నన్ను నేనే..."

"సిగ్గు లేదూ?" అంది పెట్టె.

"అది నీ గొంతే కదయ్యా!"

"నాదేనండీ, కానీ..."

"కుంటిసాకులు చెప్పకు!"

అద్దాల గది బయట గుమాస్తాలు ఫైళ్ళ వెనక ముఖాలు దాచుకున్నారు. మేనేజరు తలుపు చూపించాడు. "పొద్దున్నే నీ మొహం చూడలేను. రేపట్నుంచి మధ్యాహ్నం షిఫ్టుకు రా. నేను చెప్పేదాకా అంతే!"

అలారానికి భయపడే కాబోలు, కోతకు మాత్రం అనుమతిచ్చాడు. నిప్పురవ్వల మధ్య మూత ఊడగానే భార్య ఫోన్ మోగింది. తప్పిపోయిన కాల్స్ నాలుగు. ఆయన ఎత్తాడు.

"నేనే, ఆసుపత్రి నుంచి," అంది భార్య. "నా పేరు కొట్టేయబోతుంటే ఎదుట నిలబడ్డాను. అప్పటికి తొమ్మిది కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది. ఉద్యోగం నాదే. రేపట్నుంచి ఆరింటికి."

"రేపట్నుంచా? మరి పొద్దున్న నా..."

చెప్పడానికి సాకు ఒక్కటీ మిగల్లేదు. సాకుగా పనికొచ్చే పొద్దుటి షిఫ్టునూ ఇప్పుడే పోగొట్టుకున్నాడు. "సరే," అన్నాడు.

మరునాటి నుంచి ఆయన పాలు కాగబెడుతూ నిలబడే ధ్యానం చేశాడు. కూతురికి జ్వరం వచ్చిన రోజున నడక మానేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. జడ మూడో నెలకు నిటారుగా వచ్చింది. రెండేళ్ళ ఉదయాలనూ ఒక్కటి తగ్గకుండా తిరిగి చెల్లించాడు.

వడ్డీ ఎంతన్నది ఆమె ఇంకా చెప్పలేదు.